రాతిలో మిగిలిన మైనం

ఇరవై కోట్ల ఏళ్ల కిందట రాలిన ఆకులో డీఎన్ఏ ఉండదు, పచ్చదనం ఉండదు. పైపూత మాత్రం ఉంటుంది. ఆ పూత మీద పరారుణ కాంతి పడితే చెట్ల చుట్టరికాలు కొన్ని తారుమారయ్యాయి.

మా అపార్ట్‌మెంట్ గేటుకు రెండు పక్కలా రెండు సైకస్ మొక్కలున్నాయి. పొట్టి మాను, నెత్తిన గొడుగులా విచ్చుకున్న గట్టి ఆకులు. పక్కనుంచి వెళ్తే సూదుల్లా గుచ్చుకుంటాయి. వాచ్‌మన్ వాటిని ఈత మొక్కలంటాడు. చూడ్డానికి అలాగే ఉంటాయి కాబట్టి అతన్ని తప్పు పట్టలేం. కడియం నర్సరీలో వీటిని అమ్మినాయన మాత్రం, "ఇది మామూలు మొక్క కాదు సార్, డైనోసార్ల కాలంనాటిది. అప్పట్నుంచీ ఇలాగే ఉంది" అన్నాడు. ఆ మాటకే ఓ వంద ఎక్కువ ఇచ్చి ఉంటాం.

ఈతకూ సైకస్‌కూ ఏ సంబంధమూ లేదు. ఈత పూలు పూసే జాతి. సైకస్‌కు పువ్వే ఉండదు, గింజ కాయలో దాగదు. నర్సరీ ఆయన మాట సగం నిజం. సైకస్ చేరే సైకాడ్ల వంశం పాతదే కానీ, ఇప్పుడు బతికున్న జాతుల్లో చాలావరకు గత కోటీ ఇరవై లక్షల ఏళ్లలోనే విడివడ్డాయని 2011లో నథాలీ నాగలింగం బృందం 'సైన్స్' పత్రికలో లెక్కగట్టి చూపించింది. వాచ్‌మనూ నర్సరీ ఆయనా చేసింది ఒకటే పని, ఆకు వాలకం చూసి వంశం చెప్పడం. శిలాజాల దగ్గర వృక్షశాస్త్రం కూడా దాదాపు రెండు వందల ఏళ్లు ముఖ్యంగా ఆ పనే చేసింది. వేరే దారి లేదు మరి. రాతిలో చెట్టు మొత్తం దొరకదు. ఆకొకచోట, మానొకచోట, గింజ ఇంకెక్కడో దొరుకుతాయి. అందుకే ఒకే చెట్టుకు మూడు పేర్లుంటాయి. రాజ్‌మహల్ కొండల్లో దొరికిన మానును బక్‌లాండియా అన్నారు, ఆకును టైలోఫిల్లం అన్నారు, పువ్వులాంటి భాగాన్ని విలియమ్‌సోనియా అన్నారు. ఇవి మూడూ ఒకే చెట్టువని 1932లో బీర్బల్ సాహ్ని కలిపి చూపించాడు.

నీల్సన్ పేరిట ఒక ఆకు

స్వీడన్ దక్షిణపు కొసన స్కోనే అనే ప్రాంతం ఉంది. అక్కడి ఇసుకరాళ్లలో, బొగ్గు పొరల మధ్య ఆకుల శిలాజాలు విరివిగా దొరుకుతాయి. వాటి మీద దృష్టి పెట్టిన తొలి తరంవాడు లుండ్ విశ్వవిద్యాలయపు ప్రకృతి శాస్త్రవేత్త స్వెన్ నీల్సన్. 1825లో ఫ్రెంచి వృక్షశాస్త్రవేత్త అడాల్ఫ్ బ్రోన్యార్ అక్కడి హోర్ ఇసుకరాయిలో దొరికిన ఒక ఆకుకు నీల్సన్ గౌరవార్థం నీల్సోనియా అని పేరు పెట్టాడు. పొడుగాటి ఆకు, మధ్యలో ఈనె, దానికి అటూ ఇటూ రేకు చీలికలు. సైకాడ్ల ఆకులా ఉందన్నారు, ఆ గూట్లోనే పెట్టారు.

అలాంటి వాలకమే ఉన్న ఇంకో పెద్ద గుంపు బెన్నెటైటేల్స్. టైలోఫిల్లం ఆకు వీటిదే. టైలోఫిల్లం అనే పేరు పుట్టింది మన కచ్‌లో దొరికిన శిలాజాల మీదే. 1840లో జాన్ మోరిస్ పెట్టాడు. దువ్వెన పళ్లలా రెండు వరుసల సన్నని రేకులున్న ఆకు అది. భారతదేశపు ఎగువ గోండ్వానా రాళ్లలో ఇది లేని చోటు వెతకాలి. ఇవి కూడా సైకాడ్ల చుట్టాలేనని మొదట అనుకున్నారు.

1913లో ఇంగ్లండులో హామ్షా థామస్, నెల్లీ బాంక్రాఫ్ట్ ఈ ఆకుల పైపొరను ఊడదీసి సూక్ష్మదర్శిని కింద పెట్టారు. అప్పుడు తేడా బయటపడింది. బెన్నెటైటేల్స్ పత్రరంధ్రాల చుట్టూ కణాల అమరిక ఒక తీరు, సైకాడ్లది ఇంకో తీరు. నీల్సోనియా రంధ్రాలు సైకాడ్ల తీరులోనే ఉన్నాయి. దాంతో బెన్నెటైటేల్స్‌ను వేరు కాపురం పెట్టించారు. నీల్సోనియా మాత్రం సైకాడ్ల పక్కనే ఉండిపోయింది. వాలకాన్ని దాటి, కణాల కొలతలో చెప్పిన తీర్పు కాబట్టి అది గట్టిగా నిలబడింది. మరో వందేళ్లదాకా దాన్ని కదిలించే ఆధారం రాలేదు.

డీఎన్ఏ ఎందుకు పలకదు?

ఈరోజుల్లో చుట్టరికం తేల్చాలంటే ఎవరైనా డీఎన్ఏ అంటారు. కోర్టుల్లోనే కాదు, వృక్షశాస్త్రంలోనూ అంతే. కానీ డీఎన్ఏ పెళుసు సరుకు. నీరు తగిలితే ముక్కలవుతుంది, వేడికి ఇంకా తొందరగా. ఇంతవరకు నమ్మకంగా చదవగలిగిన అత్యంత పాత డీఎన్ఏ వయసు సుమారు 20 లక్షల ఏళ్లు. 2022లో ప్రకటించిన ఆ నమూనాలు గ్రీన్‌లాండ్ ఉత్తర కొసన గడ్డకట్టిన మట్టిలోవి.

అంతకుముందు ఒక ఆశ పుట్టి అణిగింది. అమెరికాలోని ఐడహో రాష్ట్రంలో క్లార్కియా అనే చోట సుమారు కోటీ అరవై లక్షల ఏళ్ల నాటి సరస్సు అడుగు బురద ఉంది. ఆ బురదరాయిని చాకుతో పొరలుగా విడదీస్తే లోపల ఆకులు కొన్ని ఇంకా పచ్చగా, కొన్ని శిశిరంలో రాలినట్టు ఎర్రగా ఉంటాయి. గాలి తగిలిన కొద్ది నిమిషాల్లో, చూస్తుండగానే నల్లబడిపోతాయి. 1990లో వాటిలోని మాగ్నోలియా ఆకు నుంచి డీఎన్ఏ తీశామని 'నేచర్' పత్రికలో వచ్చింది. తర్వాత అనుమానాలు ముసిరాయి. అంత తడి మట్టిలో డీఎన్ఏ అంతకాలం నిలవదన్నారు. ఇప్పుడు దాన్ని ఆధారంగా చూపేవారు అరుదు. పది నిమిషాలు పచ్చగా కనిపించి నల్లబడిన ఆ ఆకు బొమ్మ మాత్రం నాకు మనసులోంచి పోదు.

ఇక ఇరవై కోట్ల ఏళ్ల నీల్సోనియా సంగతి చెప్పేదేముంది! అక్కడ మిగిలేది ఆకు పైపూతే.

జిల్లేడాకు మీద బొటనవేలు

రథసప్తమి నాడు నెత్తిన జిల్లేడాకులు పెట్టుకుని స్నానం చేసినవారికి తెలుసు, చెంబుతో ఎన్ని నీళ్లు పోసినా ఆకు తడవదు. ఆ ఆకును బొటనవేలితో గట్టిగా రుద్దండి. తెల్లటి పొడి వేలికంటుకుని కింద ముదురాకుపచ్చ కనిపిస్తుంది. ఆ పొడి మైనం. దానికింద కంటికి కనిపించని ఇంకో పొర ఉంటుంది. అదే క్యూటికల్. మందం మిల్లీమీటరులో వందో వంతు కూడా ఉండదు చాలా ఆకుల్లో. దానిలో ముఖ్య సరుకు క్యూటిన్. పదహారు, పద్దెనిమిది కార్బన్ల కొవ్వు ఆమ్లాలు ఒకదాన్నొకటి పట్టుకుని అల్లుకున్న వల అది. రసాయనశాస్త్రం లెక్కలో అది పాలిస్టరే, మన చొక్కాలోని పాలిస్టర్‌కు దూరపు చుట్టం. కొన్ని మొక్కల్లో క్యూటాన్ అనే ఇంకా మొండి పదార్థం కూడా ఉంటుంది. దాన్ని క్షారంలో ఉడకబెట్టినా లొంగదు.

ఆకు బురదలో కూరుకుపోయాక లోపలి మెత్తటి కణజాలాన్ని సూక్ష్మజీవులు తినేస్తాయి. పిండిపదార్థాలు, ప్రోటీన్లు ముందే పోతాయి. ఈ పైపూతను తినడం కష్టం. పైనున్న రాయి బరువుకు ఆకు అణిగి, నల్లటి పలచటి పొరగా మిగులుతుంది. బొగ్గు గనుల రాళ్లలో నల్లగా నిగనిగలాడే ఆకులు ఇలాంటివే.

ఆ పొరను రాతి నుంచి విడదీయడం ఓపిక పని. రాతిలోని సిలికాను కరిగించడానికి హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం వాడతారు. గాజునే తినేసే ఆమ్లం కాబట్టి ప్లాస్టిక్ గిన్నెలోనే పని. ఆకుపొర పైకి తేలుతుంది. పత్రరంధ్రాలు చూడాలంటే ఇంకో అడుగు వేయాలి. నైట్రిక్ ఆమ్లం, పొటాషియం క్లోరేట్ కలిపిన ద్రావణంలో వేస్తే నల్లటి పొర మెల్లగా ఎర్రబారి, తేనెరంగుకు తిరుగుతుంది. తర్వాత క్షారంలో ముంచితే గోధుమరంగు మురికి పొగలా విడిపోతుంది, క్యూటికల్ ఉల్లిపొరలా తేలుతుంది. 1855లో ఫ్రాంజ్ షుల్జ్ వాడిన ఈ పద్ధతి ఇప్పటికీ నడుస్తోంది. ఈ ఆమ్లం సంగతి గుర్తుంచుకోండి, మళ్లీ దీనితో పని ఉంది.

బంధాల ఊగిసలాట

1800లో విలియం హెర్షెల్ సూర్యకాంతిని పట్టకంతో రంగులుగా విడదీసి, ఒక్కో రంగులో థర్మామీటరు పెట్టి వేడి కొలిచాడు. ఎరుపు దాటాక, కంటికి ఏ వెలుగూ లేని చోట పెట్టిన థర్మామీటరు ఇంకా ఎక్కువ వేడి చూపించింది. పరారుణ కిరణాలు అలా దొరికాయి. పదార్థాలు ఈ కిరణాలను ఎలా మింగుతాయో వందల రసాయనాల మీద ఓపికగా కొలిచి 1905లో అచ్చువేసినవాడు అమెరికన్ విలియం కోబ్లెంజ్.

పరమాణువుల మధ్య బంధం స్ప్రింగులాంటిది. ఎప్పుడూ ఊగుతూనే ఉంటుంది. బరువైన పరమాణువులైతే నెమ్మదిగా, తేలికైనవైతే వేగంగా, గట్టి బంధమైతే ఇంకా చురుగ్గా. ఒక్కో స్ప్రింగుకు ఒక్కో లయ. ఆ లయకు సరిపడే పరారుణ కాంతి తగిలితే బంధం దాన్ని మింగుతుంది. ఏ కాంతి ఎంత తగ్గిందో గీత గీస్తే అదే స్పెక్ట్రం. సెంటీమీటరుకు 4000 తరంగాల నుంచి 400 దాకా చూస్తారు. కార్బన్, హైడ్రోజన్ల పొడుగాటి గొలుసు ఉంటే 2920, 2850 దగ్గర రెండు నిటారు పీక్‌లు జంటగా లేస్తాయి. 1700 చుట్టుపక్కల లేస్తే కార్బన్‌కు ఆక్సిజన్ రెండు బంధాలతో అతుక్కున్నట్టు. 1600 దగ్గరైతే బెంజీన్ లాంటి వలయాలు. కొవ్వొత్తి గీకి పెట్టినా, కూరగాయల క్యారీబ్యాగు ముక్క పెట్టినా 2920, 2850 జంట అలాగే లేస్తుంది. ఇరవై కోట్ల ఏళ్ల ఆకుపొర పెట్టినా అదే జంట. పాలిథీన్ కవరు మట్టిలో ఎందుకు కుళ్లదో, ఆ ఆకు ఎందుకు మిగిలిందో చాలావరకు అక్కడే తెలుస్తుంది.

మా ఎమ్మెస్సీ రోజుల్లో ఈ యంత్రంతో పడ్డ అవస్థ వేరు. నమూనాను పొటాషియం బ్రోమైడ్‌తో కలిపి కల్వంలో నూరి, ప్రెస్సులో అద్దంలాంటి బిళ్లగా ఒత్తాలి. ఆ ఉప్పుకు తేమ అంటే మహా ఇష్టం. శ్రావణమాసంలో ముసురు పట్టిందంటే బిళ్ల మబ్బుపట్టినట్టయ్యేది, లేదా తీస్తుండగా ఫట్టున పగిలేది. గీతలో 3400 దగ్గర పెద్ద దిబ్బ కనిపించేది. అది నమూనాది కాదు, వానది. 2350 దగ్గర ఇంకో పీక్ వచ్చేది. మొదటిసారి ఏదో కనిపెట్టాననుకున్నాను. ల్యాబ్ అసిస్టెంట్ నవ్వి, "అది నీ ఊపిరయ్యా" అన్నాడు. కార్బన్ డయాక్సైడు! ఇప్పుడంతా సుఖం. వజ్రపు ముక్క మీద నమూనా పెట్టి, పైనుంచి మరబిగిస్తే నిమిషంలో గీత వస్తుంది. సూక్ష్మదర్శినికి జతచేసిన యంత్రాలైతే ఆవగింజలో సగం ఆకుముక్క చాలంటాయి.

లుండ్‌లో తేలిన తగవు

2017లో 'నేచర్ ఎకాలజీ అండ్ ఎవల్యూషన్' పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. లుండ్ విశ్వవిద్యాలయం, స్టాక్‌హోమ్‌లోని స్వీడిష్ ప్రకృతి చరిత్ర మ్యూజియం, లుండ్‌లోని మాక్స్ ఫోర్ ప్రయోగశాల కలిసి చేసిన పని. వివి వైదా, స్టీఫెన్ మెక్‌లాఫ్లిన్, పెర్ ఊవ్‌దాల్ ఆ బృందంలోని వారు. స్వీడన్, గ్రీన్‌లాండ్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ రాళ్ల నుంచి తెచ్చిన ఆకుల మీద పరారుణ కాంతి వేశారు. వాటిలో కొన్నిటి వయసు ఇరవై కోట్ల ఏళ్లు.

వాళ్ల పద్ధతిలో నాకు నచ్చింది మొదటి అడుగు. నేరుగా శిలాజాల జోలికి పోకుండా, ముందు తోటలో బతికున్న మొక్కల ఆకులు తెచ్చి కొలిచారు. సైకాడ్లు, జింకో, శంఖు ఫలాల చెట్లు. వీటి చుట్టరికం డీఎన్ఏ ద్వారా ఎప్పుడో తేలిపోయింది. క్యూటికల్ స్పెక్ట్రాలను కంప్యూటరుకిచ్చి, పోలికను బట్టి గుంపులు కట్టమన్నారు. డీఎన్ఏ కట్టిన గుంపులే చాలావరకు వచ్చాయి. జవాబు తెలిసిన లెక్కతో తూకపురాయిని సరిచూసుకున్నాకే తెలియని లెక్కకు వెళ్లారన్నమాట.

గుంపులు కట్టడమంటే ఒక్క పీక్ చూసి చెప్పడం కాదు. తెర వెనక పదిమంది మాట్లాడుతుంటే ఎవరిది శ్రీకాకుళం, ఎవరిది నెల్లూరు, ఎవరిది కరీంనగర్ అని మనం ఎలా పడతాం? ఒక్క మాటతో కాదు, సాగదీతలు, విరుపులు, ఎత్తుగడ అన్నీ కలిపి. స్పెక్ట్రంలోనూ అంతే. ఈ పీక్ ఆ పీక్‌కన్నా ఎంత ఎత్తు, భుజం ఎక్కడ వంగింది, గొలుసులు ఎంత పొడుగు, ఎన్ని కొమ్మలు చీలాయి, ఇవన్నీ కలిస్తే ఆ ఆకు యాస.

శిలాజాల వంతు వచ్చింది. నీల్సోనియా వెళ్లి సైకాడ్ల దగ్గర కూర్చోలేదు. బెన్నెటైటేల్స్ పక్కన కూర్చుంది. ఆ రెండూ కలిసి సైకాడ్లకు బాగా దూరం జరిగాయి. 1825లో లుండ్ శాస్త్రవేత్త పేరు పెట్టుకున్న ఆకు, వందేళ్లు పత్రరంధ్రాల సాక్ష్యంతో సైకాడ్ల ఇంట్లో ఉన్న ఆకు, లుండ్‌లోనే ఆ ఇల్లు ఖాళీ చేయాల్సి వచ్చింది.

మరి వేడి మాటేమిటి?

ఇక్కడ ఎవరైనా అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. ఇరవై కోట్ల ఏళ్లు రాతిలో నలిగాక ఆ గీత ఆకు పుట్టుకను చెబుతుందా, భూమిలో పడ్డ పాట్లను చెబుతుందా?

అనుమానం ఉత్తది కాదు. బతికున్న ఆకులో 1730 దగ్గర లేచే ఎస్టర్ పీక్ శిలాజంలో తగ్గిపోయి 1710 వైపు జరుగుతుంది. అంటే వలలోని ముళ్లు ఊడి ఆమ్లాలు మిగిలాయన్నమాట. రాయి వేడెక్కేకొద్దీ గొలుసులు తెగి వలయాలు పెరుగుతాయి. 2920 కుంగి 1600 లేస్తుంది. బాగా కాలిన రాళ్లలో అన్ని ఆకులూ ఒకేలా, బొగ్గులా పలుకుతాయి. పైగా యేల్‌లో డెరెక్ బ్రిగ్స్ బృందం చేసిన పరిశోధనలు ఇంకో చిక్కు తెచ్చాయి. శిలాజ ఆకుల్లో కనిపించే పొడుగాటి గొలుసులన్నీ క్యూటాన్ మిగిలినవి కావు, ఆకులోని మామూలు కొవ్వులే మట్టిలో పడ్డాక ఒకదానికొకటి అతుక్కుని కొత్త పాలిమర్‌గా మారినవి కూడా ఉన్నాయని వాళ్లు చూపించారు. ఇందాక గుర్తుంచుకోమన్న ఆమ్లం సంగతి ఇక్కడే. నైట్రిక్ ఆమ్లంలో నానిన పొర ఆక్సీకరణ చెంది, తనవి కాని పీక్‌లు తగిలించుకుంటుంది. అలా శుభ్రం చేసిన ఆకును, చేయని ఆకును పక్కపక్కన పెట్టి పోల్చితే పోల్చేది ఆకుల్ని కాదు, ఆమ్లాన్ని.

ఈ తరహా పని లుండ్‌తో మొదలవలేదు. కెనడా నోవా స్కోషియాలోని సిడ్నీ బొగ్గు క్షేత్రంలో ఎర్విన్ జోడ్రో, మరియా మాస్టాలెర్జ్ అంతకు చాలా ముందే బొగ్గు యుగపు విత్తన ఫెర్న్‌ల మీద చేశారు. అర్జెంటీనా మెండోసాలో హోసే డాంజెలో డైక్రాయిడియం ఆకుల మీద చేశాడు. ఒకే గని, ఒకే పొర, ఒకే వేడి తిన్న ఆకుల్ని వాటిలో వాటినే పోల్చితే భూమి చేసిన మార్పు అందరికీ ఒకటే కాబట్టి, మిగిలిన తేడా ఆకులదే అవుతుంది. నాకు ఆ జాగ్రత్త ఎక్కువ నమ్మకంగా తోస్తుంది. లుండ్ బృందం నాలుగు దేశాల రాళ్లను కలిపి కట్టింది. అయినా దూరదూరపు రాళ్ల ఆకులు రాయినిబట్టి కాక వంశాన్నిబట్టి జతకట్టాయంటే, వేడి మొత్తం తుడిచేయలేదనే కదా. నీల్సోనియా తీర్పు ఖాయమని రాసుకోను. పత్రరంధ్రాల తీర్పు కూడా ఇక ఖాయం కాదని మాత్రం రాసుకుంటాను.

మన వేమవరం, మన రాఘవాపురం

ఒంగోలు ప్రాంతంలో వేమవరం అనే ఊరి దగ్గరి షేల్ రాళ్లు శిలాజ శాస్త్రంలో పేరున్నవి. పల్లవరంలో పాతరాతియుగపు గొడ్డలి దొరకబుచ్చుకున్న రాబర్ట్ బ్రూస్ ఫుట్టే ఈ తీరాన్ని సర్వే చేశాడు. జియలాజికల్ సర్వేలో పనిచేసిన బొహీమియా శాస్త్రవేత్త ఒట్టోకర్ ఫైస్ట్‌మాంటెల్ 1879లో మద్రాసు తీరపు శిలాజ వృక్షాల గ్రంథం అచ్చువేశాడు. అందులోని బొమ్మల్లో దువ్వెన పళ్ల టైలోఫిల్లం ఆకులున్నాయి. పాత పశ్చిమ గోదావరిలోని రాఘవాపురం షేల్ కూడా ఈ కోవదే. దానిపైన పరుచుకున్నది తిరుపతి ఇసుకరాయి. పేరు చూసి ఏడుకొండలనుకునేరు, ఇది చినతిరుపతి, ద్వారకా తిరుమల. ఇక్కడ పైకి కనిపించే ఈ షేల్ రాళ్లు తొలి క్రెటేషియస్ కాలపువి, అంటే 10 నుంచి 14.5 కోట్ల ఏళ్ల నడుమవి. తగవులో ఉన్న బెన్నెటైటేల్స్ మన నేలలో ఉన్నాయన్నమాట.

అయితే వీటిని తీసుకెళ్లి వజ్రం మీద పెడితే? పైకి తేలిన ఈ తెల్లటి, లేతపసుపు రాళ్లలో చాలా ఆకులు ముద్రలే. ఆకు తాలూకు పదార్థం ఎండకూ వానకూ ఎప్పుడో పోయింది. ముగ్గులా రూపు మిగిలింది. యంత్రం 3695, 3620 దగ్గర చీలిన పీక్‌లు, 1030 దగ్గర పెద్ద కొండ చూపిస్తుంది. అదంతా తెల్లమట్టి గీత. 2920 ఉండాల్సిన చోట నున్నగా ఉంటుంది. క్యూటికల్ నిలిచిన ఆకులు కావాలంటే జబల్‌పూర్ ప్రాంతపు రాళ్ల వైపు వెళ్లాలి.

ఇక్కడే ఒక తమాషా ఉంది. రాఘవాపురం షేల్ ఊరి దగ్గర తెల్లబోయి కనిపిస్తుంది గానీ, కృష్ణా–గోదావరి బేసిన్‌లో అదే పొర కిలోమీటర్ల లోతుకు దిగి నల్లగా ఉంటుంది. చమురు, సహజవాయువు పుట్టిన ముఖ్యమైన రాళ్లలో అదొకటని బావులు తవ్వేవాళ్లు చెబుతారు. అక్కడ వానా లేదు, ఎండా లేదు, పదార్థం పోలేదు. అంత లోతు నుంచి పైకి వచ్చేది గుప్పిట్లో పట్టే సన్నటి రాతి కడ్డీ. దాన్ని విరిస్తే మధ్యలో టైలోఫిల్లం రేకు రెండంగుళాలైనా కనిపించడం అదృష్టమే. కనిపించినా అది ఎంత లోతుదైతే అంత వేడి తిన్నది. 2920 దగ్గర లేచే ఆ గొలుసులే వేడికి తెగి చమురై, వాయువై పక్క ఇసుకరాళ్లలోకి పాకిపోతాయి. కోనసీమ పైపుల్లో పారే వాయువులో ఏ వంతు ఏ ఆకు మైనందో విడదీసి చెప్పే యంత్రం లేదు.